నాన్నని, ఆ అబ్బాయిని, ఆ రాత్రిని మర్చిపోవాలనుకుంటున్న తమ్ముడికి

ఈసారి ఉత్తరం ఒక పదిహేడేళ్ళ అబ్బాయిది. పేరు, ఊరు వేయొద్దన్నాడు కాబట్టి వేయట్లేదు, హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాడని మాత్రం చెప్తాను. వాళ్ళ నాన్నగారు ఆర్టీసీలో డ్రైవర్. పోయిన దసరా సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒక రాత్రి ఇతను స్నానానికి వెళ్తే, సెలవుల్లో వాడుకోమని ఇచ్చిన పాత ఫోన్ మంచం మీద ఉండిపోయింది, అప్పుడే హాస్టల్ రూమ్మేట్ నుంచి మెసేజ్ వచ్చింది, నువ్వు పక్కన లేకపోతే నిద్ర పట్టట్లేదు రా, నువ్వు చెయ్యి పట్టుకున్నదే గుర్తొస్తోంది అని. నాన్న అది చదివారు. ఇతను బయటికొచ్చేసరికి ఫోన్ ఆయన చేతిలో ఉంది. ఏమీ అనలేదు, ఫోన్ ఇచ్చేశారు. మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "సెలవులయ్యేలోపు ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. అంతే. మూడో రోజు డిపో రెస్ట్ రూంలో కుప్పకూలిపోయారు, హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే పోయారు. గుండెపోటు అన్నారు.

ఇప్పుడు సంవత్సరీకం దగ్గరపడుతోంది, కొడుకుగా ఇతనే పెట్టాలి. "నా వల్లే పోయిన మనిషికి నా చేత్తో పిండం ఎలా పెట్టను అక్కా" అని రాశాడు. బాబాయ్ వచ్చినప్పుడల్లా ఇంటికి మగదిక్కు నువ్వే, పద్దెనిమిది నిండగానే కారుణ్య నియామకం కింద ఉద్యోగానికి అప్లై చేద్దాం, తర్వాత పెళ్ళి అంటున్నాడట. అమ్మ నవ్వి ఎన్నాళ్ళయిందో అంటాడు, చెల్లి ఎనిమిదో తరగతి. ఆ రూమ్మేట్‌తో అప్పట్నుంచి మాటల్లేవు, రూం కూడా మార్పించుకున్నాడు. టెన్త్‌లో ఒక అమ్మాయంటే ఇష్టం ఉండేది కాబట్టి తను గేనా కాదా, లేకపోతే నాన్న పోయిన బాధలో మైండ్ ఇలా అయిపోయిందా అని రోజూ తనని తాను పరీక్ష పెట్టుకుంటున్నాడు. ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఒకాయన దొరికాడు, హిప్నాటిజంతో చెడు జ్ఞాపకాలు మొత్తం క్లియర్ చేస్తాను, "ఆ అలవాటు" కూడా పోగొడతాను, పద్దెనిమిది వేలు అన్నాడు. ఇతను రెండు వేలు అడ్వాన్స్ పంపించేశాడు. మిగతాదానికి నాన్న వాచ్ అమ్మాలా అని అడుగుతున్నాడు. అది పని చెయ్యకపోతే కరెంట్ షాక్ ఇస్తే అన్నీ మర్చిపోతారట కదా, అది చేయించుకోవచ్చా అని కూడా. చివర్లో ఒక లైన్ ఉంది, "ఒక్కోసారి నిద్రపోయి లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తుంది" అని.

తమ్ముడూ, ఆ చివరి లైన్‌తోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా అన్నిటికీ టైం ఉంది, దీనికి లేదు. లేవకుండా ఉంటే బాగుండు అనిపించడం ఒకటి, చచ్చిపోవాలని ఆలోచించడం ఒకటి, ఎలా అని ప్లాన్ చేసుకోవడం ఇంకొకటి. నువ్వు ఎక్కడున్నావో నాకు తెలీదు, అందుకే సూటిగానే అడుగుతున్నా, చచ్చిపోవాలని అనుకుంటున్నావా? అవును అనిపిస్తే ఇది చదవడం ఇక్కడే ఆపి 14416కి ఫోన్ చెయ్. అది టెలీ మానస్, గవర్నమెంట్‌ది, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. 1098 పిల్లల హెల్ప్‌లైన్, పద్దెనిమిది నిండలేదు కాబట్టి అదీ నీదే. హాస్టల్లో ఫోన్ లేకపోతే వార్డెన్‌నో, కాస్త నమ్మకం ఉన్న లెక్చరర్‌నో లేపి "నాన్న గుర్తొచ్చి నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, ఒంటరిగా ఉండలేను" అని ఆ ఒక్క మాట చెప్పు. రూమ్మేట్ విషయం చెప్పక్కర్లేదు, ఆ మాట ఒక్కటే చాలు. ఇంకోటి, నాన్న వాడిన షుగరు బీపీ మాత్రలు ఇంకా ఇంట్లో బీరువాలోనో ఫ్రిజ్ మీదో ఉండి ఉంటాయి, వాటిని తీసేయమని అమ్మకి చెప్పు, ఎక్స్‌పైర్ అయిపోయి ఉంటాయని చెప్పినా సరే.

ఇప్పుడు నీ ఉత్తరం గురించి. నేను చాలాసార్లు చదివాను. అందులో మూడు వేరు వేరు విషయాలున్నాయి, నువ్వు మాత్రం మూడింటినీ ఒకటే అనుకుంటున్నావ్. నాన్న పోయారు, అది ఒకటి. నీకు ఒక అబ్బాయి మీద ఇష్టం కలిగింది, అది రెండోది. నీ వల్లే నాన్న పోయారని నువ్వు నీకు నువ్వే తీర్పు చెప్పేసుకున్నావ్, అది మూడోది. మూడు పోర్షన్లకి ఒకే కరెంట్ మీటర్ ఉంటే బిల్లు ఒకటే వస్తుంది కదా, ఎవరు ఎంత కాల్చారో ఎవరికీ తెలీదు, నీ పరిస్థితి అలా ఉంది. మొత్తం బిల్లు చూసి భయపడి మెయిన్ తీసేద్దాం అంటున్నావ్. ముందు మీటర్లు విడదీద్దాం.

మూడోదాంతో మొదలుపెడతాను, నిన్ను తినేస్తోంది అదే. నీ ఉత్తరంలో నువ్వే రాసినవి నీకు మళ్ళీ చెప్తాను. నాన్నకి ఎనిమిదేళ్ళ నుంచి షుగర్. రోజుకో సిగరెట్ పెట్టె. నైట్ హాల్ట్ డ్యూటీలు. పోవడానికి నెల ముందు నుంచి మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉందనేవారు, గ్యాస్ అనుకుని గ్యాస్ మాత్ర వేసుకునేవారు. ఇవన్నీ నువ్వు ఏదో మామూలుగా రాసేసి ముందుకెళ్ళిపోయావ్, మెసేజ్ గురించి మాత్రం రెండు పేజీలు రాశావ్. గుండెపోటు అంటే గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళాల్లో కొవ్వు ఏళ్ళ తరబడి పేరుకుని, ఒకరోజు ఆ పేరుకున్నది పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసేయడం. షుగరు, సిగరెట్టు, బీపీ, నిద్ర లేని డ్యూటీలు, ఇవన్నీ కలిసి చాలా ఏళ్ళు చేసిన పని అది. ఒక రాత్రి ఒక మెసేజ్ చేసింది కాదు. నీకు అబద్ధం చెప్పకూడదు కాబట్టి ఇది కూడా చెప్తాను, అప్పటికే పాడైన గుండెకి విపరీతమైన కోపం వచ్చిన గంటా రెండు గంటల్లో రిస్క్ పెరుగుతుందని డాక్టర్లు చూశారు. కానీ మీ నాన్న ఆ రాత్రి అన్నం తిన్నారు, పడుకున్నారు, మర్నాడు బండి తీశారు, ఆ మర్నాడు కూడా తీశారు, మూడో రోజు పోయారు. దీన్ని తీసుకెళ్ళి ఆ మెసేజ్‌కి ముడివేయడానికి ఏ డాక్టరూ ఒప్పుకోడు.

ఇది చదివాక నీ బుర్ర వెంటనే ఇంకో దారి వెతుక్కుంటుందని నాకు తెలుసు. అయితే ఆ గ్యాస్ అన్నప్పుడే నేను హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సింది, అది కూడా నా తప్పే అని. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావ్. పదహారేళ్ళు. పక్కనే ఉన్న పెద్దవాళ్ళకే తెలీలేదు, ఆయనకే తెలీలేదు. ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకోవడం మన ఇళ్ళల్లో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. మనిషి పోయాక కారణం కావాలి మనకి, ఏ కారణమూ లేకుండా పోయారు అనేదానికన్నా నా వల్ల పోయారు అనేదే ఒక్కోసారి మోయడానికి తేలిగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే అందులో కనీసం మన చేతిలో ఏదో ఉన్నట్టు ఉంటుంది. అమ్మ కూడా ఇలాగే తనలో తను ఏదో ఒకటి అనుకుంటూ ఉండి ఉంటుంది, ఆ రోజు పొద్దున డ్యూటీకి పోవద్దని చెప్పి ఉండాల్సింది అని. అడిగి చూడు ఎప్పుడైనా.

ఇక "కూర్చుని మాట్లాడుకుందాం" అన్న మాట. ఇది నాకు కూడా చాలా బాధ కలిగించింది. ఆయన ఏం మాట్లాడదామనుకున్నారో నీకు తెలీదు, నాకూ తెలీదు, ఇంకెప్పటికీ తెలీదు. కోప్పడేవారేమో. భయపడి ఉంటారేమో, నిన్ను ఎవరైనా ఏమైనా చేస్తున్నారా అని. ఏడ్చేవారేమో. మొదట తిట్టి రెండేళ్ళకి సర్దుకునేవారేమో. ఆయన తప్పకుండా ఒప్పుకునేవారు అని నేను నీకు చెప్పను, అది నాకు తెలీని విషయం, నిన్ను ఓదార్చడానికి పోయిన మనిషి నోట్లో మాటలు పెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ పదకొండు నెలలుగా నువ్వు చేస్తున్నది కూడా అదే కదా. ఆ ఆగిపోయిన మాటని రోజూ రాత్రి నువ్వే పూర్తి చేస్తున్నావ్, ప్రతిసారీ అత్యంత క్రూరంగా పూర్తి చేస్తున్నావ్. ఆయన నిజంగా చేసినవి రెండే. ఫోన్ విసిరికొట్టకుండా నీ చేతికిచ్చారు. మాట్లాడుకుందాం అన్నారు, అమ్మ ముందు అనకుండా గుమ్మం దగ్గర నీతో ఒక్కడితోనే అన్నారు. నీ దగ్గర ఉన్న సాక్ష్యం ఇంతే, దీంతో తీర్పు చెప్పలేం. అలా వదిలేయడం కష్టం, చాలా కష్టం, కానీ అబద్ధపు తీర్పు కంటే అదే న్యాయం, ఆయనకీ నీకూ.

సరే, జ్ఞాపకాలు చెరిపేయడం. నువ్వు దీని గురించి చాలా చదివావని ఉత్తరం చూస్తే తెలుస్తోంది, కాబట్టి నేను కూడా సరిగ్గానే చెప్పాలి. సైంటిస్టులు దీని మీద నిజంగానే పని చేశారు. 2000లో అమెరికాలో కరీం నాదర్, జోసెఫ్ లెడూ టీం ఎలుకల మీద ప్రయోగం చేసి, పాత జ్ఞాపకాన్ని మళ్ళీ గుర్తు చేసినప్పుడు అది కాసేపు మెత్తబడుతుందని, ఆ టైంలో ఒక మందు ఇస్తే ఆ భయం మళ్ళీ గట్టిపడట్లేదని చూపించారు. 2009లో నెదర్లాండ్స్‌లో మెరెల్ కింట్ వాళ్ళు మనుషుల మీద ప్రొప్రనలాల్ అనే బీపీ మాత్రతో అలాంటిదే చేశారు. అక్కడ కూడా ఏం జరిగిందో మనుషులకి గుర్తుంది, భయంతో ఉలిక్కిపడటం తగ్గింది, అంతే. అది కూడా ల్యాబ్‌లో నేర్పిన చిన్న భయం. నాన్న చావుని, ఒక మనిషి మీద ఇష్టాన్ని తీసేయగల మందు ఎక్కడా లేదు. ఈ పేరు విన్నావు కదా అని ఆ మాత్ర నువ్వు సొంతంగా వేసుకోకు, అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రమాదం.

హెన్రీ మొలైసన్ అని ఒకాయన ఉండేవాడు, అమెరికాలోనే. మూర్ఛ తగ్గాలని 1953లో, 27 ఏళ్ళ వయసులో, మెదడుకి రెండు వైపులా హిప్పోక్యాంపస్, అంటే కొత్త జ్ఞాపకాల్ని నిలబెట్టే భాగం, ఉండే చోటు తీసేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా ఏ కొత్త విషయమూ ఆయనకి నిలవలేదు, కలిసిన మనిషిని మళ్ళీ కొత్తగా కలవడమే. జ్ఞాపకం పోవడం అంటే ఎలా ఉంటుందో ఆయన్ని చూసే లోకానికి తెలిసింది. నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇంకోటి. 2010లో అయోవా యూనివర్సిటీ వాళ్ళు, ఇలాగే హిప్పోక్యాంపస్ దెబ్బతిని జ్ఞాపకాలు నిలవని పేషంట్లకి ఏడుపొచ్చే సినిమా ముక్కలు చూపించారు. కాసేపటికి వాళ్ళు ఏం చూశారో మర్చిపోయారు. దుఃఖం మాత్రం అలాగే ఉండిపోయింది. ఎందుకు బాధగా ఉందో తెలీకుండా బాధపడుతూ కూర్చున్నారు. తమ్ముడూ, నువ్వు పద్దెనిమిది వేలు పెట్టి కొనాలనుకుంటున్నది ఒకవేళ నిజంగా దొరికితే ఇదే దొరకొచ్చు, నాన్న ముఖం పోయి బాధ మాత్రం మిగలడం. ఇప్పుడు కనీసం ఎందుకు ఏడుస్తున్నావో నీకు తెలుసు.

కరెంట్ షాక్ సంగతి కూడా చెప్తాను. దాన్ని ఈసీటీ అంటారు, సినిమాల్లో చూపించినట్టు ఉండదు, మత్తు ఇచ్చి చేస్తారు, బాగా తీవ్రమైన డిప్రెషన్ లాంటివాటికి అది నిజంగా పని చేసే వైద్యం. దానివల్ల ట్రీట్‌మెంట్ జరిగిన రోజుల చుట్టుపక్కల కొన్ని జ్ఞాపకాలు మసకబారొచ్చు, అది సైడ్ ఎఫెక్ట్, ఏది పోవాలో ఎంచుకునే వీలు ఎవరికీ లేదు. పైగా 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మైనర్లకి ఈసీటీ చేయకూడదు, తప్పనిసరైతే గార్డియన్ ఒప్పుకోవాలి, దానికి ఉన్న బోర్డు ముందే పర్మిషన్ ఇవ్వాలి. కాబట్టి ఆ ఆలోచన పక్కన పెట్టెయ్.

హిప్నాటిజం చేస్తానన్నాయన దగ్గరికి వెళ్తే ఏమవుతుందో ఆలోచిద్దాం. హిప్నాటిజంతో జ్ఞాపకం చెరిగిపోదు. ఆ స్థితిలో ఎదుటివాళ్ళు చెప్పింది మనకి నిజంగా జరిగినట్టు అనిపించే ప్రమాదం మాత్రం ఉంది, లేని జ్ఞాపకాలు పుట్టొచ్చు. నీకున్న గిల్ట్‌కి ఇంకో కొత్త సీన్ తోడైతే ఏం చేస్తావ్? "ఆ అలవాటు పోగొడతాను" అన్నాడు చూడు, అది అన్నిటికన్నా చెడ్డది. అబ్బాయికి అబ్బాయి నచ్చడం జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల లిస్టులోంచి తీసేసింది, మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో అదే చెప్పింది. 2021లో మద్రాస్ హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేష్ ఒక కేసులో, దీన్ని "మార్చే" వైద్యాలు చేసేవాళ్ళ మీద చర్య తీసుకోవాలని ఆర్డర్ ఇచ్చారు, ఆ కేసు వింటున్నప్పుడు ఈ విషయం నాకు అర్థం కావాలి అని ఆయన స్వయంగా సైకాలజిస్ట్ దగ్గర కూర్చున్నారు. ఆ కేసు వల్లే 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కూడా ఇలాంటి వైద్యం చేయడం డాక్టర్‌కి వృత్తిపరమైన తప్పు అని తేల్చింది. అంటే నిజమైన డాక్టర్ చేస్తే తప్పైన పని ఇతను డబ్బు తీసుకుని చేస్తానంటున్నాడు. డాక్టరో కాదో కూడా నీకు తెలీదు. సైకియాట్రిస్ట్ అయితే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబర్ అడిగితే ఇస్తారు.

నాన్న వాచ్ అమ్మకు.

ఇప్పుడు రెండో విషయం, నువ్వు గేనా కాదా. నాన్న పోయిన బాధలో ఇలా అయ్యానేమో అన్నావ్. కానీ ఆ చెయ్యి పట్టుకున్నది నాన్న ఉన్నప్పుడే కదా, ఆ ఇష్టం దసరాకి కొన్ని నెలల ముందు నుంచే ఉందని నువ్వే రాశావ్. కాబట్టి దుఃఖం దాన్ని పుట్టించలేదు. దుఃఖం చేసింది ఏంటంటే దానికి పాపం రంగు పూసింది. టెన్త్‌లో అమ్మాయి నచ్చింది అనేది కూడా అబద్ధం అవ్వక్కర్లేదు. కొంతమందికి ఇద్దరూ నచ్చుతారు, కొంతమంది అందరూ అమ్మాయిల గురించి మాట్లాడుతుంటే నాకూ ఒకరు ఉండాలి అని ఒకరిని అనుకుంటారు, కొంతమందికి ఇరవై ఐదు దాటాక గానీ క్లియర్ అవ్వదు. నువ్వు ఇందులో ఎవరివో నేను చెప్పలేను, ఆన్‌లైన్ క్విజ్‌లు అస్సలు చెప్పలేవు. రోజూ బస్సులో అబ్బాయిల్ని చూసి ఏమనిపిస్తోంది, అమ్మాయిల్ని చూసి ఏమనిపిస్తోంది అని చెక్ చేసుకుంటున్నా అన్నావ్, అది ఆపు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్ట్ కొంతమంది స్టూడెంట్లకి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు అని చెప్పి కూర్చోబెట్టాడు, వాళ్ళకి పదే పదే అదే వచ్చింది. నువ్వు చేస్తున్నది అదే, రాకూడదు అని కాపలా కాస్తూ దాన్నే పిలుస్తున్నావ్. నువ్వు ఎవరివో ఎవరికీ ఈ సంవత్సరం సమాధానం ఇవ్వక్కర్లేదు. ఈఏపీసెట్ అప్లికేషన్‌లో ఆ కాలమ్ లేదు.

చట్టం గురించి భయపడ్డావ్ కాబట్టి చెప్తున్నా. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ విషయంలో, పద్దెనిమిది నిండినవాళ్ళు ఇష్టపడి కలిసి ఉంటే, ఇద్దరూ మగవాళ్ళైనా ఇద్దరూ ఆడవాళ్ళైనా, నేరం కాదని తేల్చేసింది. నీకు పద్దెనిమిది లోపు కాబట్టి పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వేరే ఉంది, అది అబ్బాయి అమ్మాయి అని చూడదు, పద్దెనిమిది లోపు ఇద్దరికీ ఇష్టమున్నా శారీరక సంబంధాన్ని నేరంగానే చూస్తుంది. ఇష్టపడటం, మెసేజ్ పెట్టుకోవడం, చెయ్యి పట్టుకుని కూర్చోవడం నేరం కాదు. వయసు అబద్ధం చెప్పి డేటింగ్ యాప్‌ల్లోకి మాత్రం వెళ్ళకు, ఫోటోలు ఎవరికీ పంపకు, నీలాంటి ఒంటరి పిల్లల కోసమే అక్కడ కొంతమంది కాచుకుని ఉంటారు. ముందు ముందు జీవితం ఎలా ఉంటుంది అంటావా, తేలికని చెప్పను. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో, అభయ్ అనే జంట 2021 డిసెంబర్‌లో ఇంట్లోవాళ్ళ మధ్య వేడుక చేసుకున్నారు, పెళ్ళికి చట్టంలో గుర్తింపు కావాలని సుప్రీంకోర్టుకీ వెళ్ళారు, 2023 అక్టోబర్‌లో కోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. కోర్టు ఒప్పుకోలేదు, వాళ్ళ కాపురం మాత్రం ఉంది. రెండూ నిజమే.

ఇప్పుడు నీ ముందున్న దారులు. ఏది చెయ్యాలో నువ్వే తేల్చుకోవాలి, ఏది చేస్తే ఏమవ్వచ్చో నేను చెప్తా.

అందరికన్నా ముందు ఎవరికి చెప్పాలి అంటే, నాన్న గురించి చెప్పడం, నీ గురించి చెప్పడం ఒకటి కాదని గుర్తుపెట్టుకో. దుఃఖం గురించి ఈ వారమే సాయం తీసుకోవచ్చు, రెండోది దాచుకునే తీసుకోవచ్చు. నెలలు గడిచినా రోజువారీ పనులు చేసుకోలేనంతగా దుఃఖం పట్టుకుని ఉంటే దాన్ని ఇప్పుడు డాక్టర్లు ప్రత్యేకంగా గుర్తిస్తున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల లిస్టు ఐసీడీ-11లో అది ఉంది, దానికి మాటలతో చేసే వైద్యం ఉంది. అందులో చేసేది కూడా నువ్వు అడుగుతున్నదానికి దగ్గరే, చెరపరు, ఆ రోజుని భయం లేకుండా గుర్తు చేసుకునేలా చేస్తారు. గవర్నమెంట్ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్తే చూస్తారు, మైనర్‌వి కాబట్టి అమ్మనో పెద్దవాళ్ళనో వెంట తెమ్మంటారు. నిద్ర పట్టట్లేదు, నాన్నే గుర్తొస్తున్నారు, చదవలేకపోతున్నా అంటే అమ్మ వస్తుంది, ఆవిడకి కూడా అక్కడ ఒకరితో మాట్లాడటం మంచిదే. డాక్టర్‌తో కాసేపు ఒంటరిగా మాట్లాడతాను అని నువ్వు అడగొచ్చు. అక్కడ రెండో విషయం చెప్తావా లేదా అనేది డాక్టర్ తీరు చూసి నిర్ణయించుకో, "దాన్ని మార్చుకోవచ్చు" లాంటి మాట వినపడితే చెప్పకుండా లేచి వచ్చెయ్. ఫోన్‌లో అయితే పేరు చెప్పకుండా మొదలుపెట్టొచ్చు.

అమ్మకి చెప్పడం. నాకు తెలిసి నీ మనసులో ఉన్న పెద్ద కోరిక ఇదే, అమ్మకి అన్నీ చెప్పేసి ఒళ్ళో తలపెట్టుకుని ఏడవాలని. చెప్పు అని గానీ వద్దు అని గానీ నేను అనను. చెప్తే ఆవిడ దగ్గరకి తీసుకోవచ్చు. లేదా ఇప్పటికే సగం విరిగిన మనిషి, భయపడి బాబాయ్‌కి చెప్పొచ్చు, బాబాయ్ హాస్టల్ మాన్పించొచ్చు, ఎవరో స్వామి దగ్గరికి తీసుకెళ్ళొచ్చు, నీకు ఇప్పుడు తిండీ చదువూ అన్నీ వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. అందుకే రెండుగా చెయ్యొచ్చు. ముందు గిల్ట్ చెప్పు. "నాన్న పోయే ముందు నా మీద కోపంగా ఉన్నారమ్మా, నా వల్లే ఏమైనా అయిందేమో అని భయం" అని. కోపం ఎందుకు అంటే చదువు గురించి అనుకో అని వదిలేయొచ్చు, అది నువ్వు దాచుకునే హక్కు ఉన్న విషయం. ఆ మాటకి అమ్మ ఏమంటుందో విను. నాన్న ఆ రెండు రోజులు ఇంట్లో ఎలా ఉన్నారో, నీ గురించి ఆవిడతో ఏమైనా అన్నారో, ఆవిడకి నీకు తెలీనిది తెలిసి ఉండొచ్చు. ఏమీ తెలియకపోవచ్చు కూడా, దానికి సిద్ధపడి అడుగు. రెండోది చెప్పాలనుకుంటే మాత్రం ఇల్లంతా చుట్టాలున్నప్పుడు, గొడవలో నోరు జారి, లేకపోతే బాబాయ్ పెళ్ళి మాట ఎత్తినప్పుడు కోపంగా మాత్రం చెప్పకు. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడేదాకా ఆగడం పిరికితనం కాదు.

ఆ అబ్బాయి గురించి నువ్వు చాలా తక్కువ రాశావ్, తక్కువ రాసిన చోటే నాకు ఎక్కువ కనిపించింది. వాడి వైపు నుంచి ఒకసారి చూడు. ఒక మెసేజ్ పెట్టాడు, జవాబు రాలేదు, తర్వాత మీ నాన్న పోయారని తెలిసింది, నువ్వు తిరిగొచ్చి ఒక్క మాట లేకుండా రూం మారిపోయావ్. వాడు ఏమనుకుంటూ ఉండి ఉంటాడు? వాడికీ పదిహేడే కదా. మళ్ళీ కలవమని నేను అనట్లేదు, వాడితో ప్రేమ కొనసాగించాలా వద్దా అనేది పూర్తిగా నీ ఇష్టం, వాడి ఇష్టం. కానీ "నాన్న పోయాక నాకు మాట్లాడటం చేతకాలేదు, నీ తప్పేం లేదు" అని ఆ ఒక్క ముక్క చెప్పొచ్చు, ఫోన్‌లో రాయకుండా మెస్ దగ్గరో గ్రౌండ్‌లోనో ఎదురుగా చెప్పు. చెప్తే వాడు మళ్ళీ దగ్గరవుతాడేమో అని భయమైతే అదీ చెప్పు, నాకు ఇప్పుడు టైం కావాలి అని. వాడికి కోపం వచ్చి ముఖం తిప్పుకోవచ్చు, అలా జరిగినా నువ్వు చెప్పాల్సింది చెప్పినట్టే. అస్సలు చెప్పకపోతే మాత్రం వాడు కూడా నీలాగే ఒక తీర్పు మోస్తూ తిరుగుతాడని నా భయం.

సంవత్సరీకం. నువ్వే పెట్టు, లేదా పెట్టలేనంటే పంతులుగారిని అడిగితే బాబాయ్ చేత పెట్టించే దారి ఏదైనా చెప్తారేమో, అడగడంలో తప్పు లేదు. పెట్టకపోతే ఆ రోజంతా చుట్టాలు కారణం అడుగుతారు, నీకు నువ్వు వేసుకున్న శిక్ష ఇంకాస్త బలపడుతుంది కూడా, అది ఆలోచించు. నన్నడిగితే నీ చేతిలో పాపమేమీ లేదు, అన్నం ముద్ద పెట్టే అర్హత మొత్తం ఉంది. ఆ తిథి దగ్గరపడేకొద్దీ నిద్ర ఇంకా పాడవుతుంది, చిన్న చిన్న వాటికి ఏడుపొస్తుంది, అది చాలామందికి అలాగే ఉంటుంది, పిచ్చెక్కుతోందని భయపడకు. ముందు రోజు రాత్రి నాన్నకి ఒక ఉత్తరం రాయి, ఆ రోజు కూర్చుని మాట్లాడుకుని ఉంటే నువ్వు ఏం చెప్పేవాడివో అది రాయి, ఆయన జవాబు మాత్రం నువ్వు రాయకు. రాశాక దాచుకుంటావో చింపేస్తావో నీ ఇష్టం, హాస్టల్లో ఎవరికీ దొరికే చోట మాత్రం పెట్టకు.

కారుణ్య నియామకం మాట కూడా ఒకటి ఉంది. పద్దెనిమిది నిండాక ఆ ఉద్యోగం తీసుకోవడమా, ఇంజినీరింగ్‌కి వెళ్ళడమా అనేది ఇంటి డబ్బు లెక్కలు చూసుకుని తేల్చాల్సిన ప్రశ్న, నాన్నకి చేసిన ద్రోహానికి ప్రాయశ్చిత్తంగా తేల్చాల్సింది కాదు. అప్లై చేయడానికి గడువు ఎంత ఉంది, అమ్మ పేరు మీద అడగొచ్చా అని డిపో మేనేజర్ ఆఫీసులోనో, నాన్న ఉన్న యూనియన్ వాళ్ళనో అడగమని బాబాయ్‌కే చెప్పు, ఆ పని ఆయన బాగా చేస్తాడు.

చివరిగా ఆ అడ్వాన్స్ తీసుకున్నాయన. ప్రాబ్లం మొత్తం వాయిస్ మెసేజ్‌లో పెట్టు అని రెండుసార్లు అడిగాడన్నావ్, దయచేసి పెట్టకు, ఇప్పటికే ఏమైనా పెట్టి ఉంటే ఇక మీదట ఒక్క ముక్క కూడా పంపకు. రెండు వేలు పోయాయనుకో. మిగతా డబ్బు కట్టకపోతే మీ ఇంట్లో చెప్తాను అని బెదిరిస్తే కట్టకు, ఒకసారి కడితే మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. చాట్ డిలీట్ చెయ్యకు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో, 1930 సైబర్ క్రైం నంబర్, 1098 రెండూ ఉన్నాయి, మైనర్‌ని బెదిరించడం చాలా పెద్ద నేరం, ఆ భయం అతనికి ఉండాలి గానీ నీకు కాదు. అతను ఏమైనా పంపితే నాకు రాయి. ఏమీ పంపకపోయినా రాయి, 14416లో ఎవరు ఎత్తారో, ఏమన్నారో చెప్పు.